గీతకీ గీతకీ మధ్య 7 మిల్లీమీటర్లు

మీ ఇంట్లో పాత స్టీలు బక్కెట్టు ఉంటే ఒకసారి పరకాయించి చూడండి. ఒళ్లంతా తళతళలాడుతూనే ఉంటుంది. పిడి తగిలించడానికి అతికిన చెవుల దగ్గర మాత్రం గోధుమరంగు మరక. పీచుతో తోమితే పోతుంది. వారం తిరక్కుండా మళ్లీ వచ్చేస్తుంది. టిఫిన్ క్యారియర్ గొళ్లెం దగ్గరా అంతే. 'స్టెయిన్‌లెస్ అని చెప్పి అంటగట్టాడు' అని కొట్టువాణ్ని తిట్టుకుంటాం. అతుకు సందులో నీళ్లు నిలవడం ఒక కారణం. ఇంకో కారణం కంటికి కనిపించదు. అతికేటప్పుడు తగిలిన వేడికి ఆ కాస్త మేర ఉక్కు గుణం మారిపోవచ్చు.

ముప్పై ఏళ్లకు పైగా నా ఉద్యోగమంతా ఆ మరక చుట్టూనే తిరిగింది. కాకపోతే నాది బక్కెట్ల వ్యవహారం కాదు. ఒక్కొక్కటి టన్నుకు పైగా బరువుండే ఉక్కు రోల్స్.

పెళ్లిచూపుల రోజున మా నాన్న "అబ్బాయి రోల్స్ షాపులో ఇన్‌స్పెక్టరండీ" అని గొప్పగా చెబితే, అవతలివైపు కూర్చున్న పెద్దావిడ ఒకరు "రుబ్బురోళ్లా, పొత్రంతో సహా అమ్ముతారా?" అని అడిగారు. అందరూ నవ్వారు. ఆలోచిస్తే ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. రోలుకైనా రోల్‌కైనా బతుకంతా దెబ్బలు తినడమే. రోలు కనీసం మద్దెలతో మొరపెట్టుకుంది. మా రోల్స్‌కి ఆ అవకాశం కూడా లేదు. వాటి తరఫున ఎవరో ఒకరు చెప్పాలి.

ఇంతకీ ఈ రోల్స్ ఏంచేస్తాయి? ఉక్కు కర్మాగారంలో కరిగిన ఉక్కును సుమారు 1,500 డిగ్రీల వేడి మీద అడుగులేని రాగి అచ్చులోకి పోస్తారు. అచ్చు గోడల్లో చన్నీళ్లు పారుతుంటాయి కాబట్టి అంచుల వెంట ఉక్కు గడ్డకట్టి పెంకులా తయారవుతుంది. లోపలంతా ఇంకా ద్రవమే. ఆ స్థితిలోనే అది మెల్లగా కిందికి జారుతుంది. లోపలి ద్రవం బరువుకి ఆ పెంకు ఉబ్బిపోకుండా, పగిలి కారిపోకుండా రెండు పక్కలా వరసగా నిలబడి పట్టుకునేవే మా రోల్స్. దీన్నే కంటిన్యువస్ కాస్టింగ్ అంటారు. 1992లో అప్పటి ప్రధాని పి.వి.నరసింహారావు జాతికి అంకితం చేసిన విశాఖ ఉక్కు కర్మాగారంలోనూ ఈ పద్ధతే. అక్కడ బ్లూములు పోస్తారు. దేశంలో వేరేచోట్ల బల్లచెక్కల్లాంటి వెడల్పాటి స్లాబులు పోస్తారు. మా షాపుకి ఎక్కువగా వచ్చేవి ఆ స్లాబు మిల్లుల రోల్సే.

రోల్ ఏమీ గిర్రున తిరగదు. నిమిషానికి మీటరు చొప్పున స్లాబు దిగుతుంటే, 300 మిల్లీమీటర్ల రోల్ నిమిషానికి ఒక చుట్టు చుడుతుంది. అంటే రోజుకి సుమారు 1,500 చుట్లు. ప్రతి చుట్టులోనూ దాని ఒంట్లో ప్రతి అంగుళం ఒకసారి ఎర్రగా కాలుతున్న ఉక్కుని కౌగిలించుకోవాలి, ఆ వెంటనే నీటి జల్లుల్లో తడవాలి. వేడి టీ పోసిన గాజు గ్లాసుని కుళాయి కింద పెడితే ఏమవుతుందో మీకు తెలుసు. అలాంటిది రోజుకి పదిహేనొందల సార్లు!

మామూలు ఉక్కు ఈ హింసకి ఆగదు. అంచేత లోపల గట్టి ఉక్కు కడ్డీ పెట్టి, పైన క్రోమియం ఎక్కువున్న ఉక్కుతో వెల్డింగ్ పూత వేస్తారు. పూత అంటే సున్నం కొట్టినట్టు కాదు. రోల్ లేత్ మీద మెల్లగా తిరుగుతుంటుంది. పైనుంచి వైరు దిగుతుంటుంది. దాని కొస ఫ్లక్స్ పొడి కుప్పలో మునిగి ఉంటుంది కాబట్టి మెరుపు బయటికి కనిపించదు, గుర్ర్‌మని చప్పుడు మాత్రం వస్తుంది. కరిగిన వైరు రోల్ చుట్టూ ఒక వరసగా పడుతుంది. దాని అంచు మీదికి సగం ఎక్కేలా పక్కనే ఇంకో వరస. ఇంట్లో కప్పుకి పెంకులు పరిచినట్టు. దాదాపు రెండు మీటర్ల పొడవున ఒక్క పొర వేయాలంటే రెండొందల యాభైకి పైగా వరసలు. మూడు పొరలకి ఒక పగలూ రాత్రీ దాటిపోతుంది. అంతసేపూ రోల్ 250 డిగ్రీలకి తగ్గకుండా కింద మంట ఉండాలి. మే నెలలో విశాఖ ఆటోనగర్‌లో, రేకుల షెడ్డులో, ఆ మంట పక్కన నిలబడి షిఫ్టు చేయడమంటే ఏమిటో చెప్పడానికి నాకు మాటలు చాలవు.

అలా నిలబడినవాళ్లలో అందరికంటే పెద్దాయన్ని 'మేస్త్రి' అనేవాళ్లం. శ్రీకాకుళం వైపు మనిషి. ఏడో తరగతి దాటలేదు. వైరు దిగే చప్పుడు విని కరెంటు ఎక్కువైందో తక్కువైందో చెప్పేవాడు. మీటరు చూస్తే అదే నిజమయ్యేది.

1997లో వేరే రాష్ట్రంలోని ఒక మిల్లు నుంచి మేం పూత వేసి పంపిన రోల్స్ తిరిగొచ్చాయి. ఆయుష్షులో మూడోవంతు కూడా పనిచేయలేదు. ఒక రోల్ అయితే లైనులో ఉండగానే విరిగిందట. క్యాస్టర్ ఆగితే మిల్లుకి గంటగంటకీ నష్టం. వాళ్ల ఉత్తరంలో ఇంగ్లీషులో ఒకే ముక్క: కారణం, నాసి వెల్డింగ్.

ఈ 'నాసి వెల్డింగ్' అన్న మాట మీద నాకు మొదట్నుంచీ పడదు. విరిగిన ప్రతి వస్తువు మీదా అంటించడానికి తయారుగా ఉండే చీటీ అది. ఏ వైరు కొనాలో మేస్త్రి నిర్ణయించలేదు. ఏ నీళ్లు చల్లాలో ఆయన చెప్పలేదు. కానీ లాగ్ పుస్తకంలో ఆ రోల్స్ ఎదురుగా ఉన్న సంతకం ఆయనది. ఆఫీసులో పెద్దగా విచారణేమీ జరగలేదు. ఆయన ఇన్సెంటివ్ ఆపేశారు. మిషన్ మీద నుంచి తీసి గ్రైండింగ్ పనికి వేశారు. ఇరవై ఏళ్లు ఆయన చేతికింద పని నేర్చుకున్నవాళ్ల ఎదుటే.

తిరిగొచ్చిన రోల్స్‌ని చూసి రిపోర్టు రాయడం నా పని. తుప్పు కడిగించి చూశాను. రోల్ అంతా తినేసి ఉంటుందనుకుంటారు ఎవరైనా. అలా లేదు. చాలామేర నున్నగా, గట్టిగానే ఉంది. దాని మీద ఒక చివర నుంచి ఇంకో చివరకి, పాము కడుపు మీది చారల్లా, చుట్టూ తిరిగిన సన్నటి గాడులు. గోరు పెడితే ఆగుతోంది. కొన్ని గాడుల అడుగున పగుళ్లు బయల్దేరాయి.

మధ్యాహ్నం టీ వేళ మేస్త్రి వచ్చాడు. కాసేపు గాడుల మీద వేలితో రాస్తూ నిలబడ్డాడు. తర్వాత అన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"బాబూ, నా సెయ్యి తప్పు సేసిందనే అనుకుందాం. సేస్తే ఏదో ఒక్క సోట సేస్తాది. నిద్దరొచ్చిన కాడో, కరంటు దిగిపోయిన కాడో. ఇలగ కొలబద్ద ఎట్టి గీసినట్టు రోలంతా సేస్తాదేటి?"

జేబులోంచి స్కేలు తీశాను. గాడికీ గాడికీ మధ్య 7 మిల్లీమీటర్లు. ఇంకోచోట పెట్టాను. అక్కడా 7. రెండో రోల్ మీదా అంతే. లాగ్ పుస్తకం తీసి చూస్తే, ఒక వరస నుంచి పక్క వరసకి మిషన్ జరిగిన దూరం కూడా సరిగ్గా 7 మిల్లీమీటర్లు. తుప్పు ఎక్కడపడితే అక్కడ తినలేదు. వరస మీద వరస ఎక్కిన అతుకు పక్కనే, ఒక దారం మందాన, గురి చూసుకుని తింది.

ఎందుకలా అన్నది తేలాలంటే రోల్‌ని కోయాలి. ఒక ముక్క కోయించి, మెటలర్జీ చెప్పే ఒక కాలేజీ ల్యాబుకి పంపించాం. అద్దంలా నునుపు చేసి యాసిడ్ పూస్తే ముక్క మీద వరసలన్నీ చేప పొలుసుల్లా బయటపడ్డాయి. ప్రతి పొలుసు అంచు వెంబడీ ఒక నల్లటి అర. గాడులన్నీ ఆ నల్లటి అరల మీదే ఉన్నాయి.

అక్కడి లెక్చరర్ గారు ఓపిగ్గా చెప్పిన సంగతి నాకు అర్థమైనంతలో ఇదీ. ఉక్కులో క్రోమియం సుమారు పదిన్నర శాతం దాటితే, గాలి తగలగానే దాని మీద కంటికి కనిపించని పొర ఒకటి కడుతుంది. మందం కొన్ని నానోమీటర్లే. గీరుకుపోయినా తనంతట తనే మళ్లీ పూడుకుంటుంది. తుప్పుకి అడ్డం అదే. ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాలు త్వరగా అరగకుండా ఉండే ఉక్కు కోసం వెతుకుతూ 1913లో పోసింది 13 శాతం దగ్గర క్రోమియం ఉన్న ఉక్కు. తర్వాత కత్తులకి అదే వాడారు. మా రోల్స్ పూతదీ ఆ వంశమే. మీ వంటింట్లో గిన్నెలది 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న దాయాది వంశం.

కత్తికి పదును నిలబడాలన్నా, రోల్ అరగకుండా ఉండాలన్నా ఉక్కు గట్టిగా ఉండాలి. ఆ గట్టిదనం ఇచ్చేది కార్బన్. చిక్కంతా ఇక్కడే ఉంది. కార్బన్‌కీ క్రోమియంకీ విడదీయలేనంత స్నేహం. మామూలు వేడిలో ఎవరి దారి వారిదే. ఐదారు వందల నుంచి ఎనిమిది వందల డిగ్రీల మధ్య కాస్త సమయం దొరికిందా, రెండూ కలిసి కార్బైడు అనే రేణువులుగా ముద్దకట్టేస్తాయి. ఆ రేణువుల్లో ఒక గ్రాము కార్బన్ దాదాపు 16 గ్రాముల దాకా క్రోమియాన్ని లాగేసుకోగలదు. మేం వాడిన వైరులో కార్బన్ 0.2 శాతం పైన. అంత తక్కువకే మూడు శాతం క్రోమియం లెక్కలోంచి పోయినట్టు! అది కూడా రేణువు పక్కనున్న చోటులోంచే పోతుంది కాబట్టి అక్కడ కరువు మరీ ఎక్కువ. 13 శాతం అని కాగితం మీద ఉంటుంది, రేణువు పక్కన మాత్రం పొర కట్టడానికి చాలినంత మిగలదు.

మొదటి వరస పడేటప్పుడు బాగానే పడుతుంది. దాని మీదికి ఎక్కుతూ రెండో వరస పడుతుంది చూడండి, అప్పుడు మొదటి వరస అంచు మళ్లీ కాలుతుంది. కలిసిన చోట కరిగిపోతుంది. కాస్త అవతల, సరిగ్గా ఆ చెడ్డ వేడికి చేరే సన్నటి అర ఒకటి ఉంటుంది. రెండో వరస అంచుని మూడోది కాలుస్తుంది. మూడోదాన్ని నాలుగోది. రెండొందల యాభై వరసలకీ అదే కథ. నల్లటి అరలంటే అవే.

నేను షాపుకి తిరిగొచ్చి ఇదంతా బొమ్మ గీసి చెబితే మేస్త్రి రెండు నిమిషాలు విని తేల్చేశాడు. "అంటే పక్కోడి ఏడి తగిలి మనోడు సెడిపోనాడన్నమాట. నా సేతిలో ఏటుంది మరి?" లెక్చరర్ గారి పాఠం కంటే క్లుప్తంగా ఉంది.

ఆఫీసులో ఒక ప్రశ్న వచ్చింది, న్యాయమైన ప్రశ్నే. ఇదే వైరుతో, ఇదే పద్ధతిలో వేసిన రోల్స్ ఇంకో మిల్లులో బాగానే పనిచేస్తున్నాయి కదా, మరి ఇక్కడే ఎందుకిలా? జవాబు నీళ్లలో ఉంది. రాగి అచ్చులో ఉక్కు గోడలకి అంటుకోకుండా పైన ఒక పొడి చల్లుతారు. అందులో ఫ్లోరిన్ ఉన్న ఖనిజం కలుస్తుంది. స్లాబుతోపాటు కిందికి దిగిన ఆ పొడి జల్లు నీళ్లలో కరిగితే ఫ్లోరిన్ బయటికొచ్చి నీళ్లు పుల్లబడతాయి. గాజుని సైతం తినే ఆమ్లం తాలూకు పలుచటి రూపం అది. అదే నీటిని మళ్లీ మళ్లీ తిప్పి వాడుతుంటే పులుపూ పెరుగుతుంది, లవణాలూ పెరుగుతాయి. సరిగా కట్టిన పొరకి ఇవి అంత సులువుగా లొంగవు. కరువుపడిన అర దొరికితే ఇక వదలవు. చింతపండు రసం వెండి మీద కాక దాని అతుకులోని ఇత్తడి మీద పని మొదలెట్టినట్టు.

ఆ మిల్లు నుంచి నీళ్ల పరీక్షల కాగితాలు అడిగాం. నెలన్నర నానబెట్టి పంపారు. కొన్ని రోజుల్లో నీళ్లు బాగా పుల్లగానే ఉన్నాయి.

తుప్పు ఒక్కటే అయితే రోల్ విరగదు. గాడి పడడంతో అసలు ప్రమాదం మొదలవుతుంది. బట్ట చించాలంటే ముందు అంచున చిన్న గాటు పెడతాం చూడండి, ఆ గాటు ఈ గాడి. రోజుకి పదిహేనొందల సార్లు వేడికి సాగి, నీళ్లకి ముడుచుకునే ఒళ్లు ఆ గాటు దగ్గరే చిరగడం మొదలెడుతుంది. పగుళ్లోకి నీళ్లు దిగుతాయి. మరుసటి చుట్టులో అవే ఆవిరవుతాయి. పగులు పూత దాటి లోపలి కడ్డీని అందుకుందంటే ఇక లెక్క రోజుల్లోనే. కడ్డీలో క్రోమియం ఎంతో ఉండదు, తుప్పుకి అడ్డు చెప్పే దిక్కు ఉండదు.

మందు కొత్తది కాదు, విదేశాల్లో అప్పటికే వాడుతున్నదే. వైరు మార్చాలి. కార్బన్ బాగా తగ్గించి, 0.06 శాతం లోపుకి తెచ్చి, పోయిన గట్టిదనాన్ని కొద్దిగా నైట్రోజన్ కలిపి రాబడతారు. మనం పీల్చే గాలిలో ముప్పాతిక వంతు ఉండే నైట్రోజనే. అదీ క్రోమియంతో జత కడుతుంది గానీ కార్బన్ అంత ఆబగా లాక్కోదు. రేణువులు కూడా చిన్నవి, చెల్లాచెదురుగా ఉంటాయి. నికెల్, మాలిబ్డినం కూడా తోడుంటాయి. ధర ఎక్కువ. కొనుగోలు విభాగంలో ఆ ఫైలు ఎన్ని బల్లల మీద కూర్చుందో చెబితే మీకు విసుగొస్తుంది. చౌక వైరులో మిగిలింది రోల్‌కి ఎంతో, విరిగిన రోల్‌కి పోయింది ఎంతో పక్కపక్కన రాసి పెడితే తప్ప కదల్లేదు.

రెండో మార్పు పద్ధతిలో. సన్న వరసలు బదులు, వైరుని అటూ ఇటూ ఊపుతూ నాలుగైదు సెంటీమీటర్ల వెడల్పు పట్టీలుగా వేయడం. వరసలు తగ్గితే అతుకులూ తగ్గుతాయి, అతుకులు తగ్గితే నల్లటి అరలూ తగ్గుతాయి. పై పొర అతుకు కింది పొర అతుకు మీద పడకుండా జరిపి వేయాలి. గోడ కట్టేటప్పుడు ఇటుకల కీళ్లు ఒకే నిలువులో రాకుండా తాపీమేస్త్రి చూసుకున్నట్టే. ఇక అడుగు పొర సంగతి వేరు. అది లోపలి కడ్డీతో కొంత కలిసిపోతుంది, పాలలో నీళ్లు కలిసినట్టు క్రోమియం పలచబడుతుంది. అందుకని ఆ ఒక్క పొరకీ క్రోమియం ఇంకాస్త చిక్కగా ఉన్న వైరు వాడాలి.

ఊపుతూ వేయడం అందరికీ చేతకాలేదు. అంచుల దగ్గర వైరు ఎంతసేపు ఆగాలన్నది పుస్తకంలో ఒక అంకె, పనిలో ఒక అంకె. ఇద్దరు కుర్రాళ్లు ప్రయత్నించి వదిలేశారు. చివరికి గ్రైండింగ్ దగ్గరికి కబురు వెళ్లింది. మేస్త్రి గాగుల్స్ తీసి, చేతులు తుడుచుకుని వచ్చాడు. "ఇప్పుడు నా సెయ్యి పనికొచ్చిందేటి?" అని ఒక్కసారి అన్నాడు. ఎవరూ జవాబు చెప్పలేదు. మూడు రోజుల్లో అంకె తేల్చాడు. చప్పుడు విని తేల్చాడనే నా నమ్మకం.

కొత్త రోల్స్ ఆ మిల్లుకే వెళ్లాయి. మునుపటి వాటికి రెట్టింపు పైన పనిచేసి, మామూలుగా అరిగి వెనక్కొచ్చాయి. మిల్లువాళ్లు కూడా నీళ్ల పులుపు విరగడానికి మందు కలపడం మొదలెట్టారని విన్నాం. వాళ్ల నుంచి మెచ్చుకోలు ఉత్తరం వస్తే ఆఫీసులో అద్దం బిగించి గోడకి తగిలించారు. అందులో మా మేనేజరు పేరు ఉంది.

మేస్త్రికి ఆపేసిన ఇన్సెంటివ్ మొత్తం ఏడు నెలలది. నా రిపోర్టు కాపీ జతచేసి ఆయన పేరున దరఖాస్తు నేనే రాసిపెట్టాను. ఆ ఏడాది పద్దులు మూసేశాం అన్నారు. మరుసటి ఏడాది మళ్లీ పెట్టాం. పాత ఏడాది సంగతి కొత్త పద్దులో రాదన్నారు. ఆయన 2004లో రిటైరై ఊరెళ్లిపోయాడు. సన్మానసభలో శాలువా కప్పారు, గోడ గడియారం ఇచ్చారు. లాగ్ పుస్తకంలో ఆ రోల్స్ ఎదురుగా ఎర్ర సిరాతో రాసిన 'నాసి వెల్డింగ్' అన్న మాటని కొట్టేయమని నేను అడిగితే, రికార్డు దిద్దకూడదన్నారు. దిద్దకపోతే పోనీ, పక్కన నా రిపోర్టు నంబరు వేయనివ్వమన్నాను. దానికి ఒప్పుకున్నారు. నీలం సిరాతో వేశాను.

తిరిగొచ్చిన రోల్స్‌ని పరీక్షించే ఫారంలో అంతకుముందు ఎనిమిది గడులు ఉండేవి. నేను ఉద్యోగం మానేనాటికి తొమ్మిది అయ్యాయి. తొమ్మిదో గడిలో గాడికీ గాడికీ మధ్య దూరం ఎంతో స్కేలు పెట్టి కొలిచి రాయాలి. అది నింపకుండా కారణం రాసే గడిలో ఎవరూ ఏమీ రాయడానికి వీల్లేదు.